వేడెక్కిన పెట్టె

మా అమ్మాయి నిఖిత ఇంటర్వ్యూ మూడింటికి. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం. ఫోనులో కుదరదట, కంప్యూటర్ ముందే కూర్చోవాలట. ఆ కంప్యూటరేమో పొద్దుటినుంచి పది నిమిషాలకోసారి వేడెక్కి ఆరిపోతోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా జగ్గయ్యపేటలో మనుషులే పగిలేలా ఉన్నారు. కొట్టు మూసి ఇంటికొచ్చిన నేను కూర్చోలేను, నిలబడలేను.

నందిగామ మెకానిక్ ఫ్రాన్సిస్‌కి ఫోన్ చేస్తే "బయల్దేరానండి" అన్నాడు. అతనొచ్చేదాకా చేతులు కట్టుకుని ఎలా ఉండను? కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పేశాను. హాల్లో కూలర్ ఈడ్చుకొచ్చి, నీళ్లు నింపి, దానికెదురుగా పెట్టి ఆన్ చేశాను.

"ఏవండీ, అదేమన్నా మనిషా, కూలర్ పెట్టడానికి?" అంది మా ఆవిడ బాలామణి.

"నువ్వూరుకోవే! వేడి చేసినదానికి చల్లగాలి. ఆమాత్రం తెలీదూ?"

మళ్లీ ఫోన్ చేసి నా ఘనకార్యం చెప్పాను. ఫ్రాన్సిస్ కేకేశాడు.

"ప్రభువా! ముందా కూలర్ ఆపండి, కేశవరావుగారూ! అది తడిగాలండి. బోర్డు మీద చెమ్మ పడితే మొత్తం కాలిపోద్ది. కంప్యూటర్ ప్లగ్గు పీకెయ్యండి. చిల్లకల్లులో ఉన్నా, వచ్చేస్తున్నా."

రెండూ ఆపాను. నిఖిత గోళ్లు కొరుక్కుంటూ గడియారం వంక చూసింది. నన్ను తిట్టినా బాగుండేది.

రెండుంబావుకి ఫ్రాన్సిస్ వచ్చాడు. అదృష్టం, బోర్డుకి తడి తగల్లేదు. లోపలి చిన్న ఫ్యాను ఊడదీసి వెలుతుర్లో పట్టుకున్నాడు.

"ఎవరండీ ఇందులో పసుపు పోసింది?"

రెక్కల నిండా పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి. సందులో ఎండిన బంతిరేకొకటి. ఏటా దసరాకి కొట్లో కాటాకీ ఇంట్లో దీనికీ పూజ చేసేది నేనే. గాలి కన్నాల మీద దట్టంగా అద్దేదీ నేనే. బాలామణి నావైపు చూసింది. నాకు తల కొట్టేసినట్లయింది.

అతను బ్రష్షుతో దులిపి, ఫ్యాను బిగించి, రేకు మూసి, పెట్టెను గోడకు జానెడు దూరం జరిపాడు. పావుగంట నడిపి చూశాడు. ఆరలేదు.

మూడుకి అయిదు నిమిషాలుంది. నిఖిత కుర్చీలో సర్దుకుంది. నా కంగారు మాత్రం తగ్గలేదు. అలవాటు కొద్దీ కుంకుమభరిణెలో వేలు ముంచి పెట్టె మీదికి వంగాను.

నిఖిత నా మణికట్టు పట్టుకుంది.

"నాన్నా, ఈ ఒక్కసారికి నాకు పెట్టు."