లైను ఖాళీ లేదు

ట్యాంకులు కడిగే పొడుగోడు ఆ మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకులోకి దిగుతుంటే, తుప్పు పట్టిన ఇనప నిచ్చెన సగానికి పుటుక్కున విరిగి అతణ్ణి అడుగున బురదలో పడేసింది. ఎముకలేం విరగలేదు. కానీ మిగిలిన సగం నిచ్చెన రెండు నిలువుల ఎత్తున వేలాడుతోంది. ఎంత పొడుగోడైనా ఎగిరి అందుకోలేడు. అరిచాడు. అరుపు గోడలకు కొట్టుకుని అతని చెవుల్లోకే తిరిగొచ్చింది.

సొంత ఫోను కింద విప్పిపెట్టిన చొక్కా జేబులో ఉంది. మెడలో వేలాడుతున్నది కంపెనీ ఇచ్చిన మొద్దు ఫోను. నీళ్లలో పడ్డా, బండ మీద పడ్డా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పక్కనున్న బటను నొక్కి మాట్లాడితే జట్టులో అందరికీ వినిపిస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే మాత్రం ఇంకొకరికి సందు దొరకదు.

నొక్కాడు. కీక్‌మంది. లైను ఖాళీ లేదు. బటను నొక్కుకుపోయిందని తెలియక సూపర్వైజరు తన ఇంట్లో మాట్లాడుతున్నాడు.

"కాసేపు నడుం వాలుస్తానే. ఎవరైనా వస్తే లేనని చెప్పు."

"ఆ ఫోను నడుముకి కట్టుకునే పడుకుంటారా? గుచ్చుకోదూ?" అంది భార్య.

"డ్యూటీలో ఉన్నవాణ్ణి. ఫోను తీసేస్తే ఎలా?"

కాసేపటికి గురక మొదలైంది. మామూలు రోజైతే పొడుగోడూ కడుపుబ్బ నవ్వేవాడు. కానీ వాల్వు తిప్పేవాడు అతని బావమరిదే. "పని కాకపోతే ఫోన్లో చెప్పు బావా. మూడింటిదాకా చెప్పకపోతే అయిపోయిందనుకుని నీళ్లు వదిలేస్తా" అని పొద్దునే అన్నాడు.

నొక్కుతూనే ఉన్నాడు. కీక్. గురక. మళ్లీ కీక్. "లేవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు.

గొట్టం గరగరలాడి నీళ్లు దూకాయి. పొడుగోడికి ఈత రాదు. గోడ వారగా నిలువుగా ఉన్న ఇంకో గొట్టాన్ని కావలించుకున్నాడు. నీళ్లు నడుం దాటి గుండెల దాకా వచ్చాయి. కాళ్లు తేలిపోయాయి. కళ్లు మూసుకుని, నీళ్లతోపాటే గొట్టం పట్టుకుని జానెడు జానెడు పైకి పాకాడు. కళ్లు తెరిచేసరికి నిచ్చెన తల మీదే ఉంది! ఒక చెయ్యి వదిలి అందుకున్నాడు. అది కిర్రుమంది గానీ ఊడలేదు.

నీళ్లెంత వచ్చాయో చూద్దామని పైకెక్కిన బావమరిదికి, మూత పక్కన వెల్లకిలా పడి రొప్పుతున్న మనిషి కనిపించాడు.

"బావా! నువ్వింకా లోపలే ఉన్నావా?" అంటూ కూలబడ్డాడు. "ఆ గురక విని నవ్వుకున్నానే గానీ, నీకు లైను దొరకదని తోచలేదు. అక్కకి నా మొహం ఎలా చూపించేవాణ్ణి?"

వాడి ఏడుపు చూసి పొడుగోడే ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

అంతలో గురక ఆగింది. "ఏరా, అందరూ నిద్రపోతున్నారా? ఒక్కడూ పలకడేం?" అంది ఫోను.

పొడుగోడు బటను నొక్కాడు. ఈసారి కీక్‌మనలేదు. పళ్లు టకటకలాడుతున్నాయి. "నిచ్చెన విరిగింది. కొత్తది బిగించేదాకా నేను దిగను."

"నేనూ దిగను" అంది ఇంకో గొంతు. ఆ వెనకే మరొకటి.

వెల్డరు మర్నాడే వచ్చి కొత్త నిచ్చెన బిగించాడు. పొడుగోడు మాత్రం దిగేముందు మూత దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు.