ఎవరి కోసం కొంటున్నారు?

“జ్యోతీ! నీ అకౌంటులో దొంగలు పడినారే!”

భర్త నాగేశ్వర వీధిలోంచే కేకలు వేస్తూ వచ్చేసరికి అరుణజ్యోతి పప్పు దించి, సంగటికి ఎసరు పెడుతోంది. చేతిలోని చెంబు కింద పెట్టేసింది. దొంగలంటే భయపడి కాదు. పావుగంట క్రితం ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, బ్యాంకు పంపే ఓటీపీ కోసం ఫోను పట్టుకుని ఎదురు చూసింది తనే. ఎంతకీ రాలేదు. ఆ అకౌంటు తెరిచిన రోజు నాగేశ్వర తన సొంత నంబరే రాయించాడన్న సంగతి అప్పుడు తట్టింది. ఏం చేయాలో తోచేలోపు కుక్కర్ కూత పెడితే లేచి వచ్చేసింది.

“ఎవుడో నీ కార్డుతో గేము కొంటాండాడు. ఓటీపీ నాకొచ్చింది కాబట్టి సరిపోయింది. అప్పటికప్పుడే ఫోన్ కొట్టి కార్డు బ్లాక్ చేయించినా. నీ పుట్టినరోజు అడిగితే ఫోన్లో ఉండే ఆధార్ చూసి చెప్పినా. నేను లేకుంటే ఏమైపోతుంటివే నువ్వు?”

పదహారేళ్ల కాపురం. పుట్టినరోజు కోసం ఆధార్ చూశాడు మహానుభావుడు! అది కూడా గొప్పగా చెబుతున్నాడు.

“నా కొడుకు కాబట్టి కనిపెట్టినాడు” అంది అత్త నల్లమ్మ, రాట్నం మీద పట్టుదారం కండెలు చుడుతూనే. జ్యోతి సంగటి గెలకడానికి వెళ్లిపోయింది.

అన్నం తినేలోపే నాగేశ్వర ధర్మవరం నేతగాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. “జాగ్రత్త. గేములు కొన్నట్టు చేసి ఆడోళ్ల అకౌంట్లలో దుడ్లు కొట్టేస్తాండారు. నా భార్య త్రుటిలో తప్పించుకుంది.” సాయంత్రానికి వీధంతా వచ్చి పరామర్శించింది. పక్కింటి జయంతి “తెలీని లింకులు నొక్కద్దు జోతీ” అని బుద్ధులు చెప్పింది. తెలీని లింకట! పెళ్లికి ముందు అనంతపురంలో రెండేళ్లపాటు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషికి! జ్యోతి అందరికీ టీ పెట్టి ఇచ్చింది. గ్లాసులు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండటం లేదు.

ఆ ఆట ఆమెకు ఆ కంప్యూటర్ సెంటర్లోనే పరిచయం. పిల్లలు వెళ్లిపోయాక, తన ఊరు శింగనమలకు బస్సు వచ్చేదాకా అరగంట మిగిలేది. ఆ అరగంటలో డిస్కు పెట్టుకుని ఆడేది. ఎండిన బావిలోకి దీపం పట్టుకుని దిగే పిల్ల కథ అది. బావి కింద నలభై గదులు. ప్రతి గదికీ ఒక చిక్కు. ముప్పై ఒకటో గదిలో ఉండగా పెళ్లి కుదిరింది. తర్వాత అన్నీ ఇంకొకరి చిక్కులు.

పోయిన వారం చీరలకు కొత్త అంచుల కోసం నెట్‌లో వెతుకుతుంటే కనబడింది. పాత ఆటలకు ఇప్పటి కంప్యూటర్ల మీద ఆడేటట్టు మెరుగులు దిద్ది, మళ్లీ అమ్ముతున్న ఆన్‌లైన్ దుకాణం. అందులో ఆ దీపం పిల్ల! అవే పెద్ద పెద్ద గళ్ల బొమ్మలు, అదే బావి. జ్యోతికి ఒళ్లు ఝల్లుమంది. ధర జాకెట్ కుట్టుకూలి కంటే తక్కువ. టైలర్ రూతుకు ఎంబ్రాయిడరీ బొమ్మలు గీసిస్తే వచ్చిన డబ్బులు తన అకౌంటులోనే ఉన్నాయి. వారమంతా తీరిక దొరకలేదు. ఈ రోజు దొరికింది. కొనబోతే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఎవరి కోసం కొంటున్నారు? మీ కోసమా, ఇంకొకరికి కానుకగానా?

ఆ ప్రశ్న దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. ఆయనకు చొక్కా, అత్తకు మోకాళ్ల నొప్పుల తైలం, హాస్టల్లో ఉన్న కూతురు శశికి స్వెట్టరు. పదహారేళ్లుగా ఏది కొన్నా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, అడిగే పని పడలేదు. చెప్పుకుంటే నవ్వుతారు గానీ ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘మీ కోసం’ మీద నొక్కింది. నొక్కిన ఆ వేలే ఇప్పుడు గ్లాసులు తోముతోంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి నాగేశ్వర మగ్గం గుంతలో కాళ్లు పెట్టబోతుంటే దగ్గరికెళ్లి చెప్పేసింది.

“అది మోసం కాదు. నేనే కొంటాంటి.”

“ఏంది?”

“గేము. నేనే.”

“శశికా? దానికి హాస్టల్లో ఫోనే ఉంచుకోనీరు కదే!”

“శశికి కాదు. నాకు.”

ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది, గ్రూపు గుర్తొచ్చినట్టుంది. “గ్రూపులో పెట్టినా కదే! అందరూ చూసినారు. ఇప్పుడు పోయి, దొంగలు గాదప్పా, నా పెళ్లామే గేములాడేదానికి కొనిందని చెప్పమంటావా? కార్డు ఎట్లాగూ బ్లాక్ అయిపాయ. గమ్మునుండు. మోసమే అనుకుందాం.”

మోసమే అనుకుందాం. ఆ మాట ఆమెను ఆ రోజంతా నిలవనియ్యలేదు. కండెలు చుడితే దారం తెగింది, కూరలో రెండుసార్లు ఉప్పు పడింది. ఇదేమైనా కొత్తా? చీర అంచులో ప్రతి నెమలినీ, ప్రతి మామిడి పిందెనూ కంప్యూటర్లో గడి గడిగా గీసేది తను. గడికొక దారం, ఒక్క గడి తప్పితే నెమలికి మెడ వంకర. తను గీసిన లెక్కను బట్టే మగ్గం మీదికెక్కే అట్టలకు రంధ్రాలు పొడుస్తారు, ఆ రంధ్రాలను బట్టే చీరలో బొమ్మ పడుతుంది. ఆ చీరలు కొనే షావుకారు బయ్యన్న వాటిని చూసి “నాగేశ్వర చేతిలో కళ ఉండాదప్పా!” అంటాడు. ఆ మాట వినబడేటప్పుడు ఆమె చేతిలో కాఫీ పళ్లెం ఉంటుంది. ఒకసారి ఉండబట్టలేక, తన పేరెందుకు చెప్పవని అడిగితే నాగేశ్వర చెప్పిన జవాబు: “నువ్వు గీసినావంటే రేటు తగ్గిస్తారే. ఆడమనిషి తీరిగ్గా గీసిందిలే అనుకుంటారు. ఎవురి పేరైతే ఏం, ఇంట్లోకే కదా వచ్చేది?”

నిజమే కాబోలని పదహారేళ్లు నమ్మింది. డిజైన్ ఆయనది అనుకుందాం. ఫోను నంబరు ఆయనది అనుకుందాం. ఇప్పుడు తన కోరికను కూడా దొంగలది అనుకుందామంటున్నాడు. ఇంక తనకు మిగిలేదేమిటి? ఛీ అనిపించింది. ఆయన మీద కొంత, తన మీద ఎక్కువ.

మరుసటి రోజు పాస్‌బుక్కు, ఆధార్ తీసుకుని బ్యాంకుకు వెళ్లింది. ఫోన్ నంబరు మార్చాలంటే కౌంటరులో ఉన్నాయన తల ఎత్తకుండానే అన్నాడు.

“మీ ఇంటాయన్ను గూడా పిల్చుకోని రామ్మా.”

“అకౌంట్ ఎవురి పేరు మీద ఉండాదో చూడండి సార్.”

ఆయన తల ఎత్తాడు. తెర వైపు చూసి, కాగితం తోశాడు. “ఈడ సంతకం పెట్టు.” కొత్త కార్డుకు కూడా అక్కడే రాసిచ్చింది. అది పోస్టులో రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆమె కాలు ఇంట్లో నిలిస్తే ఒట్టు. సైకిల్ బెల్లు మోగినప్పుడల్లా వాకిట్లోకి పరుగు. “ఏమ్మే, ఎవురికోసరం చూస్తాండావు?” అని నల్లమ్మ అడిగింది కూడా.

కార్డు వచ్చిన రోజే కొనేసింది. మధ్యాహ్నం వంట ముగించి, ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి గదిలోనే రెండుసార్లు గోతిలో పడి చచ్చింది. వేళ్లు మరిచిపోయాయి. మూడోసారి తలుపు తెరుచుకుంటే పైకే నవ్వింది.

అంతలో నాగేశ్వర షావుకారును వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. “జ్యోతీ, పెళ్లి చీర డిజైన్ తెరువు. అన్నకు చూపించల్ల” అన్నాడు. అంతలోనే తెర మీద దీపం పిల్ల ఆయన కంటబడింది. ముఖం మాడిపోయింది.

బయ్యన్న అది గమనించలేదు. పెద్దమనిషిగా పలకరించాడు. “ఏమ్మా, ఆ గేము మోసగాళ్లు దొరికినారా?”

నాగేశ్వర ఆమె వైపు చూశాడు. వద్దే, అని కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆయన అట్లా చూడటం ఆమె పదహారేళ్లలో మొదటిసారి చూసింది. జాలి కూడా వేసింది. అయినా చెయ్యి మౌసు మీంచి తియ్యలేదు.

“మోసగాళ్లు లేరన్నా, నేనే కొంటి. ఇప్పుడు ఆడుకుంటాండా. పెళ్లి చీర డిజైన్ గూడా నేను గీసిందే. ఈ గది అయిపోనీ, చూపిస్తా. అంతదాకా కూర్చోండి.”