మైకులో తుమ్ము

బస్టాండులో ఏ బస్సు సంగతైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారికి జనం తలెత్తుతారు, రెండోసారికి వింటారు. అద్దాల గదిలో మైకు ముందు కూర్చునే ఆవిడ ఏళ్ల తరబడి అలాగే చెబుతోంది. ఆమెను కోడలు అందాం. కథ చివరికి అత్తగారి ఫోను దగ్గరికే చేరుతుంది కాబట్టి.

ఒకరోజు మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఆమెకు తుమ్మొచ్చింది. మైకు కట్టేసే వ్యవధి లేదు. "హాచ్! అయ్యో, అమ్మా!" అని బస్టాండంతా మోగింది. జనం నవ్వారు, ఆమే నవ్వింది. అక్కడితో పోవాల్సిన విషయం. పనీపాటా లేనివాడెవడో దాన్ని రికార్డు చేసి, దరువు కలిపి నెట్లో వదిలాడు.

వారం తిరక్కుండా ఊరంతా అదే పాట. ఆ తర్వాత ఆమె ఫోటో దొరికింది వాళ్లకి. ముక్కు మీద, లావు మీద, కాపురం మీద కామెంట్లు. "ఈసారి తుమ్ముతో ప్రాణం కూడా పోతే పీడా పోతుంది" అని ఒకడు రాస్తే, కింద నవ్వు బొమ్మలు కుప్పలు. మొహం దాచుకున్నవాళ్ల నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆమె అన్నీ చదివింది. చదవొద్దని మొగుడు మొత్తుకుంటే, "చదవకపోతే ఇంకేం రాశారోనని భయమండీ" అంది.

మైకు ముందు కూర్చుంటే మళ్లీ తుమ్మొస్తుందేమోనని భయం పట్టుకుంది. ఒక్కసారే చెప్పి ఠక్కున కట్టేసేది. బస్సులు తప్పినవాళ్లు గొడవ చేశారు. "రెండుసార్లు చెప్పలేకపోతే రికార్డింగు పెట్టేస్తామమ్మా" అని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

ఇంట్లో ఇదేమీ తెలియని మనిషి అత్తగారు. కోడలి గొంతు ఊరందరి ఫోన్లలో ఉందని మాత్రం ఆవిడకి తెలిసింది. పొంగిపోయి, ఒకరోజు పొద్దున్నే పక్కింటమ్మాయి చేత దాన్నే రింగ్‌టోనుగా పెట్టించుకుంది. ఆ మధ్యాహ్నమే, కోడలు మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని బస్టాండుకొచ్చింది.

బెంచీ మీద కూర్చుందో లేదో ఫోను మోగింది. "హాచ్! అయ్యో, అమ్మా!" చుట్టూ పకపకలు.

"మా కోడలే!" అంది ఆవిడ మురిసిపోతూ, అద్దాల గది వైపు చెయ్యి ఊపి.

ఫోన్లన్నీ ఆవిడ మీదికి లేచాయి. "మీరోసారి చేసి చూపించండి మామ్మా" అన్నారెవరో. చేసింది పాపం, తుమ్ముతో సహా.

లోపల కోడలు అప్పుడే ఒక బస్సు సంగతి మొదటిసారి చెప్పింది. రెండోసారి చెప్పాలి. మేనేజరు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆమె అద్దంలోంచి ఆ ఫోన్లను చూసింది. మైకు వదిలేసి బయటికొచ్చి, వాటికీ అత్తగారికీ మధ్య నిలబడింది.

"పదండి అత్తయ్యా, ఇంటికెళ్దాం."

"ఏమైందే? నేనేమన్నా తప్పు చేశానా?"

"మీరేం చెయ్యలేదు."

సాయంత్రానికి కొత్త వీడియో వచ్చింది: అత్తగారి తుమ్ము, కోడలి వీపు. కిందున్న కామెంట్లన్నీ పక్కింటమ్మాయి చేత చదివించుకుంది ఆవిడ. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు బస్టాండులో రికార్డింగు ప్రతి బస్సు సంగతీ పొల్లుపోకుండా రెండుసార్లు చెబుతుంది. దానికి తుమ్ము రాదు. అత్తాకోడళ్లిద్దరూ ఇంట్లోనే ఉంటున్నారు. రింగ్‌టోను మార్చి చాలా రోజులైంది. అయినా ఫోను మోగితే ఇద్దరూ ఉలిక్కిపడతారు.