ఆరేదాకా

పాలు ముట్టే ముందు చేతులు మోచేతిదాకా తోముకోవడం యశోదకు పెళ్లయిన మర్నాడే అంటుకున్న అలవాటు. మాదన్నపేటలో వాళ్ల ముందుగది పాల దుకాణం, వెనకగది కాపురం. ఆ అలవాటే కొంప ముంచింది. ముట్లుడిగాక ఒంట్లో లేస్తున్న ఆవిర్లు తగ్గడానికి డాక్టరమ్మ ఇచ్చిన కొత్త జెల్, పొద్దున స్నానం కాగానే ముంజేతికి రాసుకోవడం, వెంటనే పాల కోసం కడిగేసుకోవడం. మందంతా నీళ్లతో కొట్టుకుపోయి మోరీ పాలు!

ఒళ్లు నిప్పుల కుంపటి, కంటికి కునుకు లేదు. ఫ్రిజ్ తెరిచి మొహం పెడితే భర్త కొండల్, "తలుపెయ్యి, పాలు ఇరుగుతయ్!" అనేవాడు.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "అమ్మా, హార్మోన్‌ని సబ్బులాంటి పదార్థంతో చేసిన సన్న బుడగల్ల పెట్టిన్రు. కంటికి కనబడవు. అవి మందును చర్మం లోపలికి తీస్కపోవాలంటే టైమియ్యాలె గదా! ఆరేదాకా కూసో. గంటసేపు నీళ్లు తగలనియ్యకు."

"పాలల్ల వెన్న దాగినట్టా, మేడం?"

"గట్లనే అనుకో."

ఇంటికొచ్చి చెబితే కొండల్, "మరి పాలెవరు పోస్తరు? గీ వయసుల సోకులేంది?" అన్నాడు. చెప్పొద్దూ, జ్వరమొచ్చినా, కడుపు పోయినా ఆ ఇంట్లో యశోద మొదట విన్నది పాలెవరు పోస్తరన్న మాటే. అడిగేవాడికి తప్పనిపించలేదు, వినేదానికీ అలవాటైపోయింది. జెల్ ట్యూబు తీసుకుపోయి పెట్టెలో పడేద్దామని లేచింది.

మూలన వెల్లుల్లి ఒలుస్తున్న అత్త ఎల్లమ్మ నోరు తెరిచింది. ఆ నోటికి బస్తీ అంతా జడుస్తుంది. 'మేం పడలేదా?' అంటుందనుకుని యశోద తలొంచుకుంది.

"నీకు చేతుల్లేవారా కొండలూ? మోచేతిదాకా కడుక్కోని నువ్వే పొయ్యి! నేను గీ మంటలకు బర్రెల తొట్టిల నీళ్లు నెత్తిన గుమ్మరిచ్చుకుంటే, పిచ్చి లేసిందన్నడు మీ బాపు. గీమెనన్న సల్లగుండనియ్యి."

మర్నాటి నుంచి పాలు కొండలే పోశాడు, సగం అరుగు మీద. "గిన్నెల పొయ్యి భాయ్!" అని గిరాకులు ఒకటే నవ్వు. లోపల యశోద చేతులు చాపుకుని కుర్చీలో కూర్చునేది. బోనాల పండుగ దాటేసరికి మంట చల్లారింది, నిద్ర పట్టింది. డాక్టరమ్మకు, కంటికి కనబడని ఆ బుడగలకు, అందరికన్నా ముందు అత్తకు, మనసులోనే దండం పెట్టుకుంది.

ఒకనాడు కొండల్ లోపలికి తొంగిచూశాడు. "ఆరిందానే?"

యశోద ముంజేతిని వేలితో తాకి చూసింది. ఎప్పుడో ఆరిపోయింది. అత్త వంక చూసింది. ఎల్లమ్మ తలెత్తలేదు గానీ, పెదవి చివర నవ్వు కదిలింది.

"లేదు, ఇంకా తడే ఉంది," అంది యశోద, కాళ్లు కూడా చాపుకుంటూ.