నాగులు తెచ్చిన ఐసీ

ఉప్పెన వచ్చి సరిగ్గా ఏడాది అయిన రోజున, ఒళ్లో బిస్కెట్ల రేకు డబ్బా పెట్టుకుని విజయవాడలో నాగాయలంక బస్సు ఎక్కాను. ఆదివారం. చర్చికి రాకుండా ఎక్కడికి పోతున్నావని మా ఆవిడ మణెమ్మ గుమ్మంలో నిలబడి తిట్టింది. తిట్టనీ. డబ్బాలో ఒక చెక్కపలక, దాని మీద చిక్కుపడ్డ వైర్లు, ఎనిమిది స్విచ్చులు, ఎనిమిది చిన్న దీపాలు, ఒక బ్యాటరీ, నడిమధ్యన నాగులు తెచ్చిన ఐసీ. నల్లగా, అటు ఇరవై, ఇటు ఇరవై కాళ్లతో జెర్రిలా ఉంటుంది. అదే కంప్యూటరుకు బుర్ర. రెండున్నరేళ్లుగా దాన్ని వెలిగించాలని చూస్తున్నాను. ఒక్క దీపం కూడా వెలగలేదు.

నాగులు నాకు బావ. రక్తసంబంధం కాదు, పిలుపు. వాళ్లు సముద్రం మీద బతికే వాళ్లు, మేం పటమటలో పొలం కూలీకి పోయే క్రైస్తవులం. నేను ఏడో తరగతితో ఆపేసి రేడియో పని సొంతంగా నేర్చుకున్నాను. వాడు సరుకు ఓడలో కళాసీగా చేరాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా నా రేడియో కొట్లో బల్ల మీద కూర్చునేవాడు. ఒక రేడియో పత్రికలో కాశీరావు అనే పెద్దమనిషి నెలనెలా రాసే 'ఇంటి కంప్యూటరు' పాఠాలు వాడికి చదివి వినిపించేవాణ్ని. సోడా మూతలు వరసగా పెట్టి, కంప్యూటరు లెక్క ఎలా వేస్తుందో చూపించేవాణ్ని. వాడు నోరు తెరుచుకుని వినేవాడు. సింగపూరు పోతున్నానని చెప్తే ఐసీ నంబరు చీటీ మీద రాసిచ్చాను. డెబ్బై ఆరు మే నెలలో వాడు దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తెచ్చాడు.

డెబ్బై ఏడు దీపావళికి వాడికి ఉత్తరం రాసింది నేనే. "మిషను పండక్కి వెలుగుద్ది బావా, సెలవు పెట్టుకుని రా" అని. అప్పటికి అది వెలగలేదు. వెలుగుతుందని నా పొగరు. వాడు వచ్చాడు. దీపావళి పోయింది, మిషను వెలగలేదు. "ఇంకో పది రోజులుండి పోతాలే, ఈలోగా ఎలిగించు" అని నవ్వి, వాళ్లమ్మ దగ్గర ఉందామని ఊరికి పోయాడు. తొమ్మిది రోజులకి ఉప్పెన వచ్చింది. శవం దొరకలేదు. ఇల్లు లేదు, పెట్టె లేదు, ఒక్క ఫోటో మిగల్లేదు.

వాళ్లమ్మ పేరమ్మత్త ఒక కొబ్బరిచెట్టుని కరుచుకుని బతికింది. మూడు నెలల తరవాత నా కొట్టుకొచ్చింది. ఏడవలేదు.

"మావోడు తెచ్చింది నీ కాడ ఉంది గదా?" అంది.

"ఉందత్తా."

"ఏడాదికి తద్దినం పెట్టాల. పోయినోడి వస్తువు ఒక్కటన్నా దీపం ముందు పెట్టాల. నా కాడ వాడి గోచీగుడ్డ కూడా లేదు. అది ఎలిగించి పట్టుకురా. వాడు దేనికోసం వచ్చాడో నేనూ చూత్తా."

దేనికోసం వచ్చాడో ఆమెకు తెలుసు. నా ఉత్తరం వాడే చదివి వినిపించాడట. ఆ తరవాత కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తలకాయ వంచుకుని పడేవాణ్ని. ఎనిమిది దీపాల్లో ఒక్కటి వెలిగినా చాలు, నాగులు ఊరికే రాలేదని చెప్పుకోవచ్చు. అందుకే ఆ డబ్బా. అందుకే ఆ బస్సు.

బస్సులో ఒక్కటే సీటు ఖాళీ. కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కా, మందపాటి కళ్లద్దాలు, ఎడమ కనుబొమ మీద గాటు. పదిహేను నెలలపాటు పత్రికలో ప్రతి పాఠం పైనా ఆ బొమ్మే చూశాను.

"తమరు కాశీరావు గారు కదండీ? ఇంటి కంప్యూటరు?"

ఆయన ముఖం విప్పారింది. "అవునండీ. మీరూ చదివారా? అవనిగడ్డలో కుర్రాళ్లు సభ పెట్టారు. రాబోయే యుగం గురించి మాట్లాడమంటే వెళ్తున్నాను."

"చదవటమేంటండీ. కట్టాను. ఇదిగో, ఈ డబ్బాలోనే ఉంది."

విప్పారిన ముఖం ముడుచుకుపోయింది. కాస్త కిటికీ వైపు జరిగాడు. గొప్పవాళ్లకి మా చెమట వాసన పడదులే అనుకున్నాను.

ముందు సీట్లో చేపల గంప ఆవిడ వెనక్కి తిరిగింది. "ఏందయ్యా అది, బిస్కెట్లా?"

"కాదమ్మా, కంప్యూటరు."

"తినేదేనా?"

"లెక్కలు చేసేది."

"అయితే కండట్రుకియ్యి. రెండు టికెట్లకి మూడు కొట్టాడు సచ్చినోడు."

బస్సంతా నవ్వింది. కాశీరావు నవ్వలేదు. వాగుతున్నది నేనే. దీపాలు వెలగటం లేదనీ, పటమట లాజరు పేరుతో పదకొండు ఉత్తరాలు రాశాననీ, ఒక్కదానికీ జవాబు రాలేదనీ, పత్రిక వాళ్లు ఆయనకి చేర్చి ఉండరనీ చెప్పుకుంటూ పోయాను. "దేవుడు పంపినట్టు దొరికారండీ. ఒక్కసారి చూసి పెట్టండి. సాయంత్రానికి ఇది వెలగాలి" అని నాగులు సంగతీ పేరమ్మత్త సంగతీ మొత్తం చెప్పాను.

"దిగాక చూద్దాం" అన్నాడు.

కూచిపూడి దాటబోతూ ఉండగా టైరు పంక్చరైంది. అందరం దిగాం. రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. కాళ్లన్నీ లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి.

"వైరింగు తప్పు లేదు. చాలా శుభ్రంగా కట్టారు" అన్నాడు. "ఐసీ వచ్చిన రోజు ఎలా పరీక్షించారు?"

"ఎలాగేంటండీ, వేలు పెట్టి."

వాల్వు రేడియో బాగుచేసే వాడికి మీటరు కంటే వేలు ముఖ్యం. సెట్టు ఆన్ చేసి, వాల్వు గ్రిడ్డు అనే కాలి మీద తడి వేలు ఆనిస్తే స్పీకరు గుర్రుమంటుంది. గుర్రుమంటే అక్కడిదాకా ప్రాణం ఉన్నట్టు. మన ఒళ్లు గాలిలోంచి పట్టుకున్న కరెంటే ఆ గుర్రు. పని నేర్చుకునే వాడికి నేర్పే మొదటి విద్య అది. కాశీరావు మూడో పాఠంలోనూ అదే రాశాడు, నాకు నోటికొచ్చు: 'వాల్వు సెట్టులో మాదిరిగానే ఒక్కొక్క మెట్టు పరీక్షించుకుంటూ రండి.' నేను అలాగే వచ్చాను. మే నెల, వడగాడ్పు, ఒంటి మీద టెర్లిన్ చొక్కా. నలభై కాళ్ల మీదా వరసగా వేలు పెట్టుకుంటూ వచ్చాను.

"దాని కాళ్లకి నల్ల స్పాంజి గుచ్చి ఉండాలి" అన్నాడు.

"ఉంది. ప్యాకింగు అనుకుని పీకి పారేశాను."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

"దాన్ని ముట్టుకోకూడదు లాజరు గారూ. ఆ స్పాంజి అందుకే. చొక్కా రాపిడికి ఒంట్లో పుట్టిన విద్యుత్తు వేలి చివర నుంచి దిగితే చాలు, లోపల మాడిపోతుంది. బయటికి ఏమీ కనపడదు. మీది మొదటి రోజే పోయింది."

టీ గ్లాసు నా చేతిలోనే ఉంది. మొదటి రోజే. అంటే ఈ రెండున్నరేళ్లు నేను పీనుగు నాడి పట్టుకుని కూర్చున్నాను.

"మరి ఆ ముక్క మీరు రాయలేదేం?"

"నాకు తెలియదు." కళ్లద్దాలు తీశాడు. "ఆ ఐసీ ఇక్కడెక్కడ దొరుకుతుంది? విదేశీ పుస్తకాలు చూసి, కాగితం మీద అన్నీ సరిచూసుకుని రాశాను. కాగితం మీద సరిగ్గానే ఉంది. దాన్ని కళ్లతో చూడటం... ఇదే మొదటిసారి."

"కట్టకుండా రాశారా?"

"తొమ్మిదో పాఠం అచ్చయ్యాక బొంబాయి నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. ముట్టుకుంటే పోతుంది, పాఠకుల్ని హెచ్చరించండి అని. సవరణ వేస్తే మనమీద నమ్మకం పోతుందన్నాడు సంపాదకుడు. నేనూ సరేనన్నాను."

"ఎప్పుడు?"

"డెబ్బై ఆరు... సెప్టెంబరు."

సెప్టెంబరు. అప్పుడే నాలుగు ముక్కలు అచ్చేసి ఉంటే నాగులుకి ఇంకో ఐసీ తెమ్మని రాసేవాణ్ని. వెలగనిదాన్ని పట్టుకుని దీపావళికి రమ్మని రాసేవాణ్ని కాదు. ఉప్పెన రోజున వాడు ఏ రేవులోనో తాళ్లు లాగుతూ ఉండేవాడు.

ఆయన చొక్కా పట్టుకున్నాను. బొత్తాం తెగి బల్ల మీద పడింది. ఆయన విడిపించుకోలేదు. టీ కొట్టు వాడు, కండక్టరు వచ్చి నా చేతులు లాగారు. పదేళ్లుగా మా రేడియో పనివాళ్ల సంఘం మీటింగుల్లో అరిచాను, చదువుకున్నోళ్లు విద్యని మన చేతికివ్వరు, గుడి తలుపుల్లా మూసి పెట్టుకుంటారని. ఇచ్చినవాడు ఒక్కడున్నాడు, కాశీరావు గారు, ఆయన్ని చూసి నేర్చుకోండని కూడా అరిచాను. ఆ అరుపుకి చప్పట్లు కొట్టినోళ్లకి ఇప్పుడు ఏమని చెప్పను?

టైరు మార్చారు. అవనిగడ్డలో కాశీరావు దిగలేదు. "నేనూ వస్తాను" అన్నాడు. రావద్దనటానికి కూడా నాకు మనసు రాలేదు. నాగాయలంకలో దిగి కరకట్ట మీద గంటసేపు నడిచాం. ఉప్పు పేరిన పొలాలు. ఏడాదైనా గడ్డి లేదు. నడుస్తూ ఆయనే అన్నాడు, నా ముఖం చూడకుండా.

"బ్యాటరీ నుంచి దీపాలకి నేరుగా వైరు వేస్తే వెలుగుతాయి. ఐసీతో పని లేదు. ఆవిడకి తెలియదు కదా."

దొంగ బాబాల బూడిద మాయని వీధిలో నిలబడి బయటపెట్టిన వాణ్ని నేను. ఒకసారి దెబ్బలు కూడా తిన్నాను. అయినా కట్ట మీద కూర్చుని, డబ్బా తెరిచి, ఆ వైరు వేశాను. ఆయన పట్టకారు అందించాడు.

కొత్తగా కట్టిన సిమెంటు ఇళ్ల వరసలో పేరమ్మత్త ఇల్లు చివరది. గోడ దగ్గర దీపం పెట్టి, ఆకులో అన్నం, చేపల కూర వడ్డించింది. దీపం ముందు జానెడు చోటు అలికి ఖాళీగా ఉంచింది. నా డబ్బా కోసం.

"వచ్చావా. ఎలిగిందా?"

"వెలుగుద్దత్తా."

"ఈయనెవరు?"

"మిషను ఎలా కట్టాలో రాసిన పెద్దాయన. కాశీరావు గారు."

"కూసోండి బాబూ." ఆమె చాప వేసింది.

పలక బయటికి తీసి అలికిన చోట పెట్టాను. స్విచ్చు వేశాను. ఎనిమిది దీపాలూ ఒక్కసారే ఎర్రగా వెలిగాయి. పేరమ్మత్త ముఖం మీద ఆ ఎరుపు పడింది. ఏడాది తరవాత ఆ ముఖంలో ఏదో కదలటం చూశాను. ఈ అబద్ధం మోయటానికి నేను సిద్ధమే అనుకున్నాను.

"రెండుకి రెండు కలుపు" అంది.

"ఆఁ?"

"లెక్క సేద్దన్నాడు గదా మావోడు. రెండూ రెండూ వెయ్యి."

నా వేళ్లు స్విచ్చుల మీద ఊరికే ఆడాయి. ఎనిమిది దీపాలూ అలాగే వెలుగుతున్నాయి. ఆమె వంగి చూసింది. నన్ను చూసింది.

"ఇదేంది? కుడి నించి మూడోది ఒక్కటే గదా ఎలగాల. మొదటిది ఒకటి, దాని పక్కది రెండు, దాని పక్కది నాలుగు. మా నాగులు ఇసకలో గవ్వలేసి ఆ తొమ్మిది రోజులూ నేర్పాడు నాకు. ఎలిగే రోజున నీకు తెలవాలమ్మా అన్నాడు. అన్నీ ఎందుకు ఎలిగినయ్యి?"

కాశీరావు తల దించుకున్నాడు.

"బాబూ, మీరు రాసినోరు. ఏది ఎలగాలో మీకు తెలుసు గదా. సూత్తా ఊరుకున్నారేం?"

ఆయన నా వంక చూశాడు.

నేను బ్యాటరీ వైరు పీకేశాను. దీపాలు ఆరిపోయాయి.

"ఇది వెలగదత్తా. దొంగ వైరు వేశాను. నాగులు తెచ్చింది ఎప్పుడో పోయింది. నేనే చంపాను, ఈ వేలు పెట్టి."

"ఎప్పుడు?"

"వాడు తెచ్చి నా చేతిలో పెట్టిన రోజే."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఆగింది.

"అయితే నువ్వు రమ్మని రాసేప్పటికే ఇది పీనుగ."

"తెలీదత్తా. నాకు ఇవాళే తెలిసింది."

"నీకు తెలవదు. ఈ బాబుకి తెలవదు. మరెవరికి తెలుసురా?" అరవలేదు. నిజంగానే అడుగుతున్నట్టు మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

లేచి, గూట్లో దాచిన గుడ్డమూట తెచ్చింది. ఎనిమిది గవ్వలు, ఉప్పెన తరవాత మళ్లీ ఏరుకున్నవి కాబోలు. పలకని కాలితో కాదు, చేత్తోనే, జాగ్రత్తగా పక్కకి జరిపింది. అలికిన చోట గవ్వలు బోర్లా వరసగా పేర్చి, కుడి నుంచి మూడోదాన్ని వెల్లకిలా తిప్పింది. చాలాసేపు దాన్నే చూసింది.

"దాన్ని తీసుకుపో" అంది, తల తిప్పకుండా. "వాడి ముందు అది వద్దు. ఆకులో కూడు చల్లారిపోతంది, ఎల్లండి."

"అత్తా..."

"మళ్లీ రామాక లాజరూ."

డబ్బా చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. కాశీరావు నా వెనకే వచ్చాడు. కట్ట మీద చాలా దూరం నడిచాక, నాకు బరువుగా ఉందేమోనని డబ్బాకి చెయ్యి అందించాడు. ఇవ్వలేదు.