వంటింటి తలుపు మీద నలభై రెండు మొహాలు

కళాకారుల విడిదిలో నేను ముప్పై ఏళ్లు వంట చేశాను. బొమ్మలు వేసేవాళ్లు, శిల్పాలు చెక్కేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, నెలల తరబడి ఉండి, నా వంట తిని వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ విడిది చరిత్ర మీద మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. నన్ను పిలిచిన పాపాన పోలేదు. అయినా టికెట్ కొనుక్కుని మరీ వెళ్లాను. నాకు అక్షరం ముక్క రాదు కనుక చదివి చెప్పడానికి కోడల్ని వెంటబెట్టుకున్నాను. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకపోయినా చదువు మాత్రం బాగా వచ్చు మహాతల్లికి.

మొదటి గదిలో అరిగిన కుంచెలు, అద్దాల పెట్టెలో ఎవరిదో తెగిన చెప్పు. రెండో గదిలో అడుగు పెట్టగానే కోడలి చెయ్యి పట్టుకుని లాగాను. గోడకు వేలాడుతున్నది నా వంటింటి తలుపు! అదీ తలకిందులుగా!

"కింద ఏం రాశారే?"

కోడలు గొంతు సవరించుకుంది. "'ఆకలిపై ధ్యానం. బొగ్గుతో గీసిన నలభై రెండు మొహాలు. ప్రముఖ శిల్పి తొలినాళ్ల పని. నెత్తిమీది కొమ్ములు మనిషిలోని మృగానికి సంకేతం.'"

"కొమ్ములా, నా మొహమా! అవి కాళ్లే!"

చదువు రానిదాన్ని, ఎవరికి ఏది పడదో ఎలా గుర్తుపెట్టుకోను? కొత్త మనిషి రాగానే తలుపు మీద ఒక మొహం గీసి, కింద రెండు కాళ్లు తగిలించి, గుర్తులు వేసేదాన్ని. మూతికి అడ్డగీత ఉంటే కారం పడదు. చెవికి సున్నా ఉంటే ఉల్లిపాయ వద్దు. బుగ్గ మీద ఎన్ని చుక్కలుంటే అన్నిసార్లు మారు వడ్డించాలి.

అంతలో ఆ ప్రముఖ శిల్పే వచ్చాడు. విడిదిలో మేం 'బుర్రమీసాలు' అనుకునేవాళ్లం. ప్రదర్శన పెట్టిన అమ్మాయితో, "అవునమ్మా, పస్తులున్న రోజుల్లో గీశాను" అంటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పస్తులా? నా వంటింట్లోనా? నోట్లో ముద్ద మింగకుండానే కంచం చాపేవాడివి కదయ్యా!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరీవిడ?" అన్నాడు. నెలల తరబడి వండిపెట్టిన మనిషిని పట్టుకుని ఎవరంటాడా! "ఈ మొహాలన్నీ గీసిన మనిషిని!" అన్నాను.

"ఇవి మీరే గీశారనడానికి ఆధారం ఏమైనా ఉందా అమ్మా?" అని ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"తలుపు తిన్నగా పెట్టించు తల్లీ, చదువుతాను."

ఇద్దరు మనుషులు కిందామీదా పడి తిప్పారు. నేను వేలు పెట్టి మొదలుపెట్టాను. "ఈయన గుడ్డు ముట్టడు. ఈవిడకి పాలు ఇచ్చామా, ఇక ఆ పూటకి నిద్రే. ఇదిగో, ఈ మీసాలాయన. బుగ్గన నాలుగు చుక్కలు, నాలుగుసార్లు మారు. పక్కన డబ్బా ఎందుకంటే, ఈయన వస్తుంటే పంచదార దాచెయ్యాలి."

చుట్టూ చేరిన జనం గొల్లుమన్నారు. శిల్పిగారి మొహం కందగడ్డ అయింది.

"నాలుగు కాదు వంటమ్మా, మూడే!" అని అరిచి, నాలుక కరుచుకున్నాడు.

ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ గోడ మీది చీటీ పీకేసింది. "మీ గురించి ఏం రాయమంటారమ్మా?"

తలుపు వంక చూశాను. నలభై రెండు మొహాల్లో నాది లేదు. పక్క బల్ల మీద ప్రదర్శనకు పెట్టిన బొగ్గు ముక్క అందుకుని, నలభై మూడోది గీశాను. కాపలా మనిషి "ముట్టుకోకూడదూ!" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ అమ్మాయి ఆపింది.

మొహం అయింది, కాళ్లు అయ్యాయి. గుర్తు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నీకేది పడదు అని ఆ విడిదిలో నన్ను ఒక్కరూ అడగలేదు. ఏం పెట్టుకోను?

"అత్తయ్యా, మీకు వంకాయ పడదు కదా, దురదొస్తుంది" అని కోడలు నా చేతిలోంచి బొగ్గు తీసుకుంది. బుగ్గ పక్కన వంకాయ వేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

వంకాయ వంకరగా, గుమ్మడికాయంత వచ్చింది. నేను కోడలి వేళ్లకంటిన బొగ్గు నా కొంగుతో తుడిచాను.