పెదవుల వరకే

"నోరు తెరువు తాతా, తప్పుగా అనుకోకు," అంటూ సవెంగ్ ముసలాయన నుదుటిమీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో మెత్తటి బ్రష్‌ను ఊపిరిగొట్టం పక్కనుంచి లోపలికి పోనిచ్చాడు. చిగుళ్ళు, దవడల మూలలు, నాలుక వెనక దాకా తోమి, మందునీళ్ళతో కడిగి, ఆ నీటిని పీల్చే గొట్టంతో చుక్క మిగలకుండా లాగేశాడు. మందునీళ్ళకు అతని వేళ్ళ చివర్లు ఎప్పుడూ పగిలే ఉండేవి.

మంచం పక్కన నిలబడ్డ ముసలాయన భార్య నవ్వింది.

"ఇన్నేళ్ళ కాపురంలో నేనేదైనా అనబోతే నోర్మూసుకో అనేవాడు. ఇప్పుడు చూడు, నువ్వు తెరవమంటే తెరుస్తున్నాడు!"

"మంచం తలవైపు మళ్ళీ దించేశారా పెద్దమ్మా?"

"అలా ఎత్తిపెడితే బస్సులో కునుకు తీస్తున్నట్టుందయ్యా, చూడలేకపోయాను."

"బస్సులోనే అనుకోండి. ఇంటికెళ్ళాక తిన్నగా పడుకుంటాడు. వెల్లకిలా ఉంటే నోట్లో మురికి ఊపిరితిత్తుల్లోకి జారి జ్వరం పట్టుకుంటుంది."

మంచం పైకెత్తి, పక్కమంచం దగ్గరికి నడిచాడు. బాంకాక్‌లో ఇటుకలు మోసి, నడుం పట్టేసి, థాయ్‌లాండ్ ఈశాన్య మూలనున్న ఈశాన్‌లోని సొంత జిల్లాకు తిరిగొచ్చాక ఈ ఆసుపత్రిలో దొరికిన పని ఇది. రోగులు కోలుకుంటే బంధువులు డాక్టర్లకు పళ్ళబుట్టలు తెచ్చేవారు. సవెంగ్ పేరు అడిగినవాళ్ళు తక్కువ. అతనికీ అడగాలని ఉండేది కాదు. తను తోమిన నోరు శుభ్రంగా ఉంటుందని తనకు తెలుసు, అది చాలు.

ఆ ధీమా కిటికీ పక్క మంచం దగ్గర మాత్రం ఉండేది కాదు.

అక్కడ ఉన్నది అతని ఊరి బౌద్ధ మఠాధిపతి. ఊరంతా ఆయన్ని పూజ్యులైన తండ్రిగారూ అన్నట్టు లువాంగ్ పో అనేది. కుర్రతనంలో సవెంగ్ ఒక వానాకాలం మఠంలో భిక్షువుగా ఉన్నప్పుడు అతని తల గొరిగింది ఆయనే. ఆడవాళ్ళు భిక్షువును తాకరాదు గనక నర్సులు ఆయన ఒంటి పనులు సవెంగ్‌కే వదిలేశారు. సవెంగ్ రోజూ చేతులు జోడించి, వంగి, తడిగుడ్డతో ఆయన పెదవులు మాత్రం తుడిచి వచ్చేసేవాడు. మంత్రం పలికిన నోట్లో బ్రష్ ఎలా పెట్టడం? పెద్దల తల తాకడమే తప్పనే చోట, ఆ నుదుటిమీద చెయ్యి ఎలా ఆనించడం? రేపు చేద్దాంలే అనుకునేవాడు. నర్సులు అయిందా అని అడిగితే, అయింది అనేవాడు.

ఆ ఉదయం నర్సు విలాయివన్ టార్చి పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, లువాంగ్ పోకి జ్వరం తగిలింది. గొట్టంలోంచి చిక్కటి పసుప్పచ్చ కఫం వస్తోంది. నోరు లోపలికంటా తోముతున్నారు కదా?"

"ఆయన పళ్ళు బిగించేస్తున్నారమ్మా. ఎంత బతిమాలినా తెరవరు."

మాట నోరు దాటాకగాని ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయని సవెంగ్ చూడలేదు. ఆ కళ్ళు కాసేపు అతని మీద నిలిచాయి. తరవాత లువాంగ్ పో, గొట్టం అడ్డుపడుతున్నా, తెరవగలిగినంత మేర నోరు తెరిచారు.

నాలుకమీద గోధుమరంగు పక్కు కట్టి ఉంది. అంగిలినుంచి బంకతీగలు వేలాడుతున్నాయి. విలాయివన్ టార్చి ఆర్పలేదు.

"ఆయన బిగించలేదమ్మా," అన్నాడు సవెంగ్. "నేనే పెదవుల వరకే తుడిచాను. ఆయన తలమీద చెయ్యి వెయ్యలేకపోయాను."

"నాతో ఒక్క ముక్క అంటే పోయేదా? పైవార్డు నుంచి మగ నర్సుని పిలిపించేదాన్ని. కాదంటే నేనే తోమేదాన్ని, పాపమొస్తే నాకొచ్చేది. మీరు అయింది అంటే నమ్మి నేనూ టార్చి వేసి చూడలేదు." ఆమె గొంతు తగ్గింది. "తోమండి."

అతను నుదుటిమీద చెయ్యి ఆనించాడు. గొరిగిన తలమీద మళ్ళీ మొలిచిన వెంట్రుకలు గరుకుగా తగిలాయి. కాలిపోతున్న, ముసలి నుదురు, అంతే. అతను తోమినంతసేపూ ఆ నోరు మూతపడలేదు. ఒక్కసారి కొరికినా బాగుండును అనిపించింది.

డాక్టరు మందు మార్చాడు. సాయంత్రంలోగా లువాంగ్ పో నాడి పడిపోయింది. సవెంగ్ పక్కమంచం ముసలాయన్ని ఒత్తిగిలించి పడుకోబెడుతుండగా వెనక లువాంగ్ పో ఊపిరియంత్రాన్ని డాక్టరు ఆపేసిన చప్పుడు వినిపించింది.

"ఎనభై దాటిన ఊపిరితిత్తులు, బాబాయ్," అంది విలాయివన్.

ఊరివాళ్ళు వ్యానులో వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. వెళ్తూ ఒక పెద్దావిడ సవెంగ్‌కి చేతులు జోడించింది.

"చివరిదాకా నీ చేతుల్లో ఉన్నారు నాయనా. ఆ పుణ్యం నీదే."

తిరిగి జోడించడానికి అతని చేతులు లేవలేదు.

మంచం తుడుస్తూ పక్కనున్న బీరువా సొరుగు లాగాడు. అడుగున చిన్న ప్లాస్టిక్ డబ్బా. గొట్టం వేసిన రోజున తీసిపెట్టిన లువాంగ్ పో ముందుపళ్ళ సెట్టు. ఎవరికీ గుర్తు లేదు. సందుల్లో జిగురన్నం మెతుకు ఒకటి ఎండిపోయి ఉంది. కుళాయి కింద పట్టి, బ్రష్‌తో ఒక్కో పన్నూ లోపలా బయటా తోమి, గ్లాసులో వేసి నీళ్ళు పోశాడు.

కిటికీ వెలుగులో, గ్లాసు అడుగున, గులాబీరంగు చిగుళ్ళమీద నాలుగు పళ్ళు శుభ్రంగా ఉన్నాయి.